లంఘనం నుండి బృంహణానికి: క్లోమ క్యాన్సర్ రోగి ఆహారంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్లోమ క్యాన్సర్ సోకిన వ్యక్తి ఏమి తినాలన్న ప్రశ్నకు తెలుగు కుటుంబాలలో వినిపించే తొలి సమాధానం 'పథ్యం'. ఆ మాటకు వ్యవహారంలో మానివేయడం అనే అర్థమే స్థిరపడింది. నూనె, నెయ్యి, పప్పు, మాంసం తొలగిపోయి జావ, చారన్నం మాత్రమే మిగులుతాయి. ఆయుర్వేద సంహితలలోని లంఘన బృంహణ విభాగం, ఐరోపాలో జీర్ణరసాల పరిశోధన, ఇన్సులిన్, విటమిన్ కె, ఎంజైమ్ చికిత్సల చరిత్ర, ఎల్లాప్రగడ సుబ్బారావు కృషి అనే ఆధారాలతో ఈ వ్యాసం ఆ భావనను పరిశీలిస్తుంది. క్లోమ వ్యాధిలో లోపం తిండిలో కంటే తిన్నది అరగడంలో ఎక్కువగా ఉందని, అందువల్ల ఆహారాన్ని తగ్గించడం కాక అది ఒంటబట్టేటట్లు చేయడమే వైద్య చరిత్ర చూపిన మార్గమని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: క్లోమం, పథ్యం, లంఘనం, బృంహణం, గ్రహణి, లైపేజ్, క్షీణత, ఎల్లాప్రగడ సుబ్బారావు.

1. ఉపోద్ఘాతం:

'లంఖణం పరమౌషధం' అనే నానుడి తెలియని తెలుగువారు అరుదు. జ్వరం వచ్చినా, అజీర్తి చేసినా, కామెర్లు కనిపించినా ఇంట్లో పెద్దలు ముందుగా చేసే పని ఆహారాన్ని కట్టడి చేయడం. స్వల్పకాలిక వ్యాధులలో ఈ పద్ధతి వల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. అయితే వారాల తరబడి శరీరాన్ని కరిగించే వ్యాధిలోనూ ఇదే సూత్రాన్ని పాటిస్తే ఏమవుతుందన్న ప్రశ్న క్లోమ క్యాన్సర్ విషయంలో తీవ్రంగా ఎదురవుతుంది. ఈ వ్యాధిలో బరువు తగ్గడం తరచుగా రోగ నిర్ధారణకు ముందే మొదలవుతుంది. బరువు, కండపుష్టి క్షీణించిన రోగి శస్త్రచికిత్సను గాని కీమోథెరపీని గాని తట్టుకోలేడు. కాబట్టి రోగి ఏమి తింటున్నాడన్నది చికిత్స సాగుతుందా లేదా అన్నదానిని కూడా నిర్ణయిస్తుంది.

2. 'క్లోమం' - పదం, అర్థం:

ఆధునిక తెలుగు శాస్త్ర పరిభాషలో 'క్లోమం' జఠరానికి వెనుక అడ్డంగా ఉండే గ్రంథికి పేరు. ఈ మాట ప్రాచీన సంహితల నుండి వచ్చినదే అయినా ఆ గ్రంథాలలో దాని అర్థం ఇంత స్పష్టంగా లేదు. చరకసంహిత విమానస్థానం ఉదకవహ స్రోతస్సులకు తాలువును, క్లోమాన్ని మూలంగా పేర్కొంది. అంటే అక్కడ క్లోమానికి దాహంతో సంబంధం ఉంది, జీర్ణంతో కాదు. సుశ్రుతసంహిత శారీరస్థానం హృదయానికి దిగువన కుడివైపు యకృత్తును, క్లోమాన్ని చెప్పింది. ఈ అవయవం ఏదన్న విషయంలో ఆధునిక ఆయుర్వేద పండితులకు ఏకాభిప్రాయం లేదు. హిందీ ఈ గ్రంథికి 'అగ్న్యాశయం' అనే పేరును స్వీకరించగా, తెలుగు 'క్లోమం'తో సరిపెట్టుకుంది. జఠరాగ్నిని గుర్తుచేసే హిందీ పదం గ్రంథి చేసే పనిని సూచిస్తుంది. తెలుగు పదంలో ఆ సూచన లేదు. క్లోమానికి జబ్బు చేస్తే అన్నం అరగదన్న సంగతి పేరును బట్టి తెలియదు కనుక, రోగికి దానిని ప్రత్యేకంగా వివరించవలసి వస్తుంది.

గ్రీకులలోనూ ఇటువంటి అస్పష్టతే కనిపిస్తుంది. క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాకు చెందిన హిరోఫిలస్ ఈ గ్రంథిని గుర్తించాడు. ఎఫెసస్‌కు చెందిన రూఫస్ దీనికి 'అంతా మాంసమే' అనే అర్థం వచ్చే 'పాంక్రియాస్' అన్న పేరు వాడాడు. జఠరం వెనుక ఉన్న రక్తనాళాలకు ఇది మెత్త వంటిదని గేలెన్ భావించాడు. శతాబ్దాల పాటు ఈ గ్రంథికి ఆహారంతో సంబంధం ఉందన్న ఊహే లేదు.

3. లంఘనం, బృంహణం - సంహితల సమతౌల్యం:

చరకసంహిత సూత్రస్థానం 22వ అధ్యాయం పేరు 'లంఘనబృంహణీయం'. శరీరాన్ని తేలికపరచేది లంఘనం, పుష్టి కలిగించేది బృంహణం. ఈ రెండూ చికిత్సలే. ఏది ఎప్పుడన్నది రోగి బలాన్ని, వ్యాధి దశను బట్టి నిర్ణయించాలి. నవజ్వరంలో లంఘనాన్ని విధించిన ఆ సంహితయే శరీరాన్ని శోషింపజేసే రాజయక్ష్మ చికిత్సలో మాంసరసాలు, పాలు, నెయ్యి వంటి పుష్టికరమైన ఆహారాన్ని విస్తారంగా సూచించింది. తిన్నది నిలువక విరేచనమై పోయే గ్రహణీ రోగానికి ప్రత్యేకంగా ఒక చికిత్సాధ్యాయాన్ని కేటాయించి, అందులో అగ్నిని నిలబెట్టడాన్ని ప్రధానంగా చెప్పింది.

క్లోమ క్యాన్సర్ లక్షణాలైన కృశించడం, అరుచి, కామెర్లు, జిడ్డు విరేచనాలు సంహితలలో వేర్వేరు రోగాల కింద కనిపిస్తాయి. ఇవన్నీ ఒకే వ్యాధి లక్షణాలని ఆ గ్రంథకర్తలకు తెలుసునని చెప్పడం చారిత్రకంగా సమంజసం కాదు. గమనించవలసినది వారి వివేచనను. కృశిస్తున్న వానికి లంఘనం తగదన్నది సంహితల దృష్టి. జనవ్యవహారం ఆ రెండు రెక్కలలో ఒకదానినే నిలుపుకొంది. లంఘనం సామెతై నిలిచింది, బృంహణం పుస్తకాలకే పరిమితమైంది. 'పథ్యం' అన్న మాటకు మూలార్థం మార్గానికి హితమైనది అని. అది 'తినకూడనివాటి పట్టిక'గా కుదించుకుపోవడం ఈ పరిణామంలో భాగమే.

4. జీర్ణరస విజ్ఞానం - విర్సుంగ్ నుండి బెర్నార్డ్ వరకు:

1642లో పాడువా నగరంలో యోహాన్ గేయార్గ్ విర్సుంగ్ క్లోమం మధ్యగా సాగే నాళాన్ని కనుగొన్నాడు. అందులో ప్రవహించేది ఏమిటో ఆయనకు తెలియదు. 1664లో లైడెన్‌లో రెన్యే ద గ్రాఫ్ కుక్క క్లోమం నుండి రసాన్ని సేకరించగలిగాడు. 1761లో వెలువడిన మోర్గాన్యీ శవపరీక్షల గ్రంథంలో క్లోమంలోని గట్టి కణుతుల వర్ణనలు ఉన్నాయి. అయినా కణితికి, ఆహారానికి ముడి పడడానికి మరికొంత కాలం పట్టింది.

ఆ ముడిని రోగి మంచం దగ్గర చూసినవాడు లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. క్లోమం, ఆంత్రమూలం వ్యాధిగ్రస్తమైన రోగుల మలంలో కొవ్వు కనిపించడాన్ని ఆయన 1833లో ప్రచురించిన నివేదికలో నమోదు చేశాడు. దీనికి కారణాన్ని ప్రయోగశాలలో తేల్చినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోద్ బెర్నార్డ్. కుందేలులో క్లోమనాళం పైత్యనాళం కంటే చాలా దిగువన పేగులో కలుస్తుంది. కొవ్వు తినిపించిన కుందేలును పరీక్షించగా, క్లోమనాళం కలిసిన చోటు నుండి మాత్రమే పేగు రసవాహికలు పాలవలె తెల్లబడి ఉన్నాయి. కొవ్వు శరీరంలోకి చేరడానికి క్లోమరసం అవసరమని దీనివల్ల తెలిసింది. 1856లో ఆయన ఈ గ్రంథిపై సమగ్ర నివేదిక ప్రకటించాడు. కొవ్వు జీర్ణానికి పైత్యరసం, క్లోమరసం రెండూ కావాలని తరువాతి ప్రయోగాలు తేల్చాయి. క్లోమ శిరస్సులోని కణితి ఈ రెండు దారులనూ ఏకకాలంలో మూసివేయగలదు. ఆ రోగికి నెయ్యి అన్నం పడకపోవడానికి కారణం నెయ్యిలో లేదు, మూసుకుపోయిన నాళంలో ఉంది.

1870లలో విల్‌హెల్మ్ క్యూనే మాంసకృత్తులను విడగొట్టే క్లోమ పదార్థానికి 'ట్రిప్సిన్' అని పేరు పెట్టాడు. 'ఎంజైమ్' అన్న మాట కూడా ఆయన సృష్టించినదే. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్‌లు 'సిక్రెటిన్'ను కనుగొన్నారు. జఠరం నుండి ఆమ్లయుక్త ఆహారం ఆంత్రమూలంలోకి రాగానే పేగు ఈ రసాయన సందేశంతో క్లోమాన్ని మేల్కొలుపుతుందని తెలిసింది.

5. ఉపవాస చికిత్స, ఇన్సులిన్:

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్‌లు కుక్క క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. క్లోమానికి రెండు పనులున్నాయని దీనితో రుజువైంది. ఒకటి ఆహారాన్ని అరగించడం, రెండవది రక్తంలో చక్కెరను అదుపు చేయడం. ఇన్సులిన్ రాకపూర్వం అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ మధుమేహ రోగులకు కఠినమైన ఉపవాస పద్ధతిని అమలు చేశాడు. పిల్లలు అస్థిపంజరాలుగా మారినా మరికొన్ని నెలలు బ్రతికేవారు. లంఘనానికి ఆధునిక వైద్యంలో దొరికిన అత్యంత కఠోరమైన రూపం ఇదేనని చెప్పవచ్చు. 1921లో బాంటింగ్, బెస్ట్ టొరంటోలో చేసిన ప్రయోగాలు, 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే బాలునికి ఇచ్చిన ఇన్సులిన్ ఆ శకాన్ని ముగించాయి. లోపించిన పదార్థాన్ని అందిస్తే, ఆహారాన్ని తగ్గించనక్కరలేదు.

ఈ కథకు అంతగా ప్రచారంలో లేని కొనసాగింపు ఒకటి ఉంది. క్లోమం తొలగించిన కుక్కలకు ఇన్సులిన్ ఇచ్చినా అవి కొంతకాలానికి కాలేయంలో కొవ్వు పేరుకుని చనిపోయేవి. ఆహారంలో పచ్చి క్లోమాన్ని కలిపినప్పుడు బ్రతికాయి. చక్కెర అదుపు ఒక్కటే సరిపోదని, ఆహారం అరిగి ఒంటికి పట్టడం వేరే సమస్యయని ఈ కుక్కలు చూపించాయి. నేటికీ క్లోమ క్యాన్సర్ రోగులలో మధుమేహాన్ని గుర్తించి ఆహారాన్ని కట్టడి చేయడం, జీర్ణలోపాన్ని మాత్రం గమనించకపోవడం జరుగుతూనే ఉంది.

6. విటమిన్ కె, శస్త్రచికిత్స:

క్లోమ శిరస్సును, ఆంత్రమూలాన్ని కలిపి తొలగించే శస్త్రచికిత్సను బెర్లిన్‌లో వాల్టర్ కౌష్ 1909లో చేశాడు. 1935లో న్యూయార్క్‌లో ఆలెన్ విపుల్ తన బృందంతో కలిసి రెండంచెల పద్ధతిని ప్రకటించడంతో అది ఆయన పేరుతో స్థిరపడింది. రెండంచెలు కావడానికి ప్రధాన కారణం కామెర్లు. పైత్యరసం పేగులోకి చేరనందున రోగి రక్తం సరిగా గడ్డకట్టేది కాదు. ముందుగా పైత్యానికి దారి చేసి, కోలుకున్నాక కణితిని తీయవలసి వచ్చేది.

ఈ చిక్కును విప్పినది పోషకాహార పరిశోధన. కోపెన్‌హాగన్‌లో హెన్రిక్ డామ్ కొవ్వు తీసివేసిన ఆహారంతో పెంచిన కోడిపిల్లలలో రక్తస్రావాన్ని గమనించి, దానికి కారణమైన లోపాన్ని 'విటమిన్ కె'గా గుర్తించాడు. కొవ్వులో కరిగే ఈ విటమిన్ పేగు నుండి శరీరంలోకి చేరాలంటే పైత్యరసం కావాలి. దానిని మందుగా ఇవ్వడం సాధ్యమయ్యాక 1940లో విపుల్ ఒకే అంచెలో శస్త్రచికిత్స చేయగలిగాడు. డామ్‌కు 1943 నోబెల్ బహుమతి లభించింది. ఒక ఆహారాంశం లోపాన్ని సరిదిద్దడం వల్ల క్లోమ క్యాన్సర్ శస్త్రచికిత్స రూపమే మారిందనడానికి ఇది తిరుగులేని ఉదాహరణ.

7. ఎంజైమ్‌కు రెండు చరిత్రలు:

క్లోమ ఎంజైమ్‌ల వాడకంలో ఒకే పదార్థం చుట్టూ రెండు భిన్నమైన ఆశలు పెరిగాయి. స్కాట్లాండ్‌కు చెందిన పిండశాస్త్రవేత్త జాన్ బియర్డ్ ట్రిప్సిన్ క్యాన్సర్ కణాలను నాశనం చేస్తుందని ప్రతిపాదించి, 1911లో గ్రంథం ప్రకటించాడు. ఈ భావన అమెరికాలో దంతవైద్యుడు విలియం కెల్లీ ద్వారా న్యూయార్క్ వైద్యుడు నికొలస్ గొంజాలెజ్ వరకు చేరింది. కఠినమైన ఆహార నియమాలు, పెద్ద మోతాదులో ఎంజైమ్‌లు, ఎనిమాలు ఈ పద్ధతిలో భాగాలు. దీనిని కీమోథెరపీతో పోల్చిన అధ్యయనం 2010లో వెలువడింది. 55 మంది రోగులలో కీమోథెరపీ ఎంచుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 14 నెలలు కాగా, ఎంజైమ్ పద్ధతి ఎంచుకున్నవారిది 4.3 నెలలు. జీవన నాణ్యత కూడా కీమోథెరపీ పొందినవారిలోనే మెరుగ్గా ఉంది. రోగులు తమకు తామే చికిత్సను ఎంచుకున్నారన్న పరిమితి ఈ అధ్యయనానికి ఉన్నా, అంతరం చిన్నది కాదు.

రెండవ చరిత్ర నిరాడంబరమైనది. ఇక్కడ ఎంజైమ్ పని క్యాన్సర్‌ను చంపడం కాదు, అన్నాన్ని అరిగించడం. 1973లో మేయో క్లినిక్‌కు చెందిన డిమాన్యో బృందం దీర్ఘకాలిక క్లోమశోథ రోగులను పరీక్షించి, కొవ్వును విడగొట్టే లైపేజ్ ఉత్పత్తి సాధారణ స్థాయిలో సుమారు 10 శాతానికి దిగువకు పడిపోయాకే మలంలో కొవ్వు ఎక్కువగా కనిపిస్తుందని చూపింది. అంటే పోయినదంతా తెచ్చి ఇవ్వనక్కరలేదు, కొంత భాగాన్ని సరైన చోటికి చేర్చగలిగితే చాలు. జఠరంలోని ఆమ్లం లైపేజ్‌ను నాశనం చేస్తుంది. ఆమ్లంలో కరగని పూత పూసిన సన్నని గుళికలు ఈ సమస్యను చాలావరకు పరిష్కరించాయి.

1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు శస్త్రచికిత్సకు వీలుకాని క్లోమ శిరస్సు క్యాన్సర్ గల 21 మందిపై చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. 8 వారాలలో భోజనంతో పాటు ఎంజైమ్ గుళికలు తీసుకున్నవారి శరీర బరువు సగటున 1.2 శాతం పెరగగా, ఉత్తుత్తి మందు తీసుకున్నవారి బరువు 3.7 శాతం తగ్గింది. ప్రయోగం చిన్నదే. అయినా అరగని అన్నాన్ని అరిగేటట్లు చేస్తే కృశించడాన్ని కొంతైనా నిలువరించవచ్చునని అది సూచించింది. 2018లో బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు శస్త్రచికిత్సకు వీలుకాని క్లోమ క్యాన్సర్ రోగులకు ఈ ఎంజైమ్‌లను ఇవ్వాలని సూచించాయి. బరువు తగ్గకుండా ఉండడానికి చేపనూనెను వాడవద్దని కూడా ఆ మార్గదర్శకాలే చెప్పాయి.

8. క్షీణత - ఆకలికి అతీతమైన కృశత్వం:

జీర్ణలోపాన్ని సరిదిద్దినా కొందరు రోగులు కృశిస్తూనే ఉంటారు. 'చెడు స్థితి' అని అర్థమిచ్చే గ్రీకు పదం నుండి వచ్చిన 'కెకెక్సియా'కు 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం నిర్వచనం ఇచ్చింది. ఉపవాసం లేకుండానే 6 నెలలలో 5 శాతం కంటే ఎక్కువ బరువు తగ్గడం అందులో ఒక ప్రమాణం. కండరం కరగడం దీని ముఖ్య లక్షణం. మామూలు పోషణ ఒక్కదానితో దీనిని పూర్తిగా వెనక్కి తిప్పడం సాధ్యం కాదని కూడా ఆ నిర్వచనం స్పష్టం చేసింది.

1968లో అమెరికాలో స్టాన్లీ డడ్రిక్ బృందం పూర్తి పోషణను సిర ద్వారా అందించి కుక్కపిల్లలను పెంచగలిగింది. ఆహారాన్ని నోటి ద్వారానే ఇవ్వాలన్న పరిమితి తొలగినా, క్యాన్సర్ వల్ల కలిగే క్షీణత తొలగలేదు. ఈ పరిజ్ఞానం కుటుంబాలకు అత్యవసరం. రోగి తినలేకపోవడం మొండితనం కాదు, వండిపెట్టేవారి లోపమూ కాదు.

9. ఎల్లాప్రగడ సుబ్బారావు - పోషకం, ప్రతిపోషకం:

1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను సంగ్రహణి వ్యాధి బలిగొంది. ఆయనకూ అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. తిన్నది ఒంటబట్టని రోగాన్ని స్వయంగా అనుభవించిన ఆ వైద్యుడు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్ల పరిశోధనకు నాయకత్వం వహించాడు. 1945లో సంశ్లేషణ సాధ్యమైన ఫోలిక్ ఆమ్లం సంగ్రహణి రోగుల రక్తహీనతకు ఔషధమైంది.

అదే విటమిన్ కుటుంబపు పదార్థాలు ఇచ్చినప్పుడు రక్త క్యాన్సర్ వేగం పుంజుకోవడాన్ని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించాడు. అప్పుడు ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలు క్యాన్సర్ రసాయన చికిత్సలో మైలురాయి. నేడు క్లోమ క్యాన్సర్‌కు వాడే ఫోల్ఫిరినాక్స్ మిశ్రమంలో ఫోలిక్ ఆమ్ల కుటుంబానికే చెందిన ఫోలినిక్ ఆమ్లం ఒక భాగం. 2011లో ప్రకటితమైన అధ్యయనంలో వ్యాధి ఇతర భాగాలకు పాకిన రోగుల మధ్యస్థ జీవితకాలం జెమ్‌సైటబీన్‌తో 6.8 నెలలు కాగా, ఈ మిశ్రమంతో 11.1 నెలలకు చేరింది. ఈ బలమైన చికిత్సను తట్టుకోవాలంటే ఒంట్లో శక్తి ఉండాలి. ఒక పోషకం ఒకచోట ప్రాణం పోసి, మరొకచోట వ్యాధికి తోడ్పడగలదని సుబ్బారావు కృషి తెలుపుతుంది. విటమిన్ మాత్రలను సొంతంగా మింగడం గాని, 'క్యాన్సర్‌ను మాడ్చాలి' అని అన్నం మానడం గాని ఈ చరిత్రకు అనుగుణమైనవి కావు.

10. తెలుగింటి పథ్యం - పునర్విచారణ:

నొప్పి లేకుండా వచ్చే కామెర్లు క్లోమ శిరస్సు క్యాన్సర్ తొలి సూచన కావచ్చు. తెలుగు ప్రాంతాలలో కామెర్లనగానే పసరు మందు, నూనె లేని చప్పిడి పథ్యం గుర్తుకు వస్తాయి. కాలేయ వ్యాధులలో కొన్ని వాటంతట అవే తగ్గుతాయి కనుక పసరుకు పేరు వచ్చింది. నాళాన్ని కణితి మూసినప్పుడు మాత్రం ఈ నిరీక్షణలో శస్త్రచికిత్సకు అనువైన కాలం గడిచిపోవచ్చు. చప్పిడి పథ్యం అప్పటికే కరుగుతున్న కండను మరింత కరిగిస్తుంది.

పై చరిత్ర వెలుగులో ఈ రోగి ఆహారం కొన్ని సూత్రాలపై నిలుస్తుంది. మూడు పూటల నిండు భోజనానికి బదులు ఐదారుసార్లు కొద్దికొద్దిగా తినడం మేలు. గుడ్డు, పెరుగు, చేప, కోడిమాంసం, పప్పు వంటివాటిలోని మాంసకృత్తులు కండను కాపాడతాయి. విరేచనం జిడ్డుగా, నీటిపై తేలుతూ, దుర్వాసనతో ఉంటే అది వైద్యునికి చెప్పవలసిన లక్షణం. సిగ్గుపడి దాచవలసినది కాదు. అప్పుడు నెయ్యి మానడం కంటే ఎంజైమ్ గుళికలు అవసరమా అని అడగడం ముఖ్యం. వాటిని తొలి ముద్దతోను, భోజనం మధ్యలోను మింగాలి, నమలకూడదు. భోజనమయ్యాక వేసుకుంటే ప్రయోజనం తగ్గుతుంది. పాలు కలిపిన కాఫీకి, గ్లాసెడు లస్సీకి కూడా అవి అవసరమే. బ్రిటన్ నిపుణులు భోజనానికి 50,000, చిరుతిండికి 25,000 లైపేజ్ యూనిట్లతో ప్రారంభించాలని సూచించారు. మోతాదును చికిత్స చేసే వైద్యుడే నిర్ణయించాలి. మధుమేహం ఉన్నప్పుడు అన్నాన్ని కోసివేయడం కంటే మందును ఆహారానికి తగినట్లు సవరించడం మేలు.

ఈ ఎంజైమ్‌లు సాధారణంగా పంది క్లోమం నుండి తయారవుతాయి. శాకాహారులకు, ముస్లింలకు ఈ సంగతిని ముందే తెలిపి, వారి సందేహాలకు సమాధానం చెప్పవలసిన బాధ్యత వైద్యులపై ఉంది. దాచి ఇవ్వడం నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. చెప్పకపోవడం వల్ల మధ్యలో మానివేయడమూ జరగవచ్చు.

వ్యాధి చివరి దశలో ఆహార ప్రయోజనమే మారుతుంది. అప్పుడు బరువు లెక్క కాదు. ఇష్టమైన పచ్చడి నాలుకకు రాసుకోవడం, రెండు చెంచాల చల్లని మజ్జిగ తాగడం కూడా భోజనమే. 'నా కోసమైనా నాలుగు ముద్దలు తిను' అన్న బతిమాలింపు ప్రేమతో పుట్టినదే అయినా, తినలేని వ్యక్తికి అది భారమవుతుంది. ఆ దశను గుర్తించడం కూడా బృంహణ వివేకంలో భాగమే.

11. ఉపసంహారం:

క్లోమానికి, ఆహారానికి గల సంబంధం తెలియడానికి హిరోఫిలస్ నుండి బెర్నార్డ్ వరకు రెండు వేల ఏళ్ళకు పైగా పట్టింది. ఆ తరువాతి నూటయాభై ఏళ్ళలో ఇన్సులిన్, విటమిన్ కె, లైపేజ్ గుళికలు ఒకే పాఠాన్ని మూడుసార్లు చెప్పాయి. లోపించినదానిని అందించాలి, తిండిని దోషిగా నిలబెట్టకూడదు. చరకసంహిత లంఘనాన్ని, బృంహణాన్ని ఒకే అధ్యాయంలో చేర్చడంలోనూ ఈ సమతౌల్యమే ఉంది. కాబట్టి ఎంజైమ్‌తో కూడిన నేతి అన్నం పథ్యాన్ని తప్పడం కాదు. పథ్యం అన్న మాటకు దాని పూర్వార్థాన్ని తిరిగి ఇవ్వడం.